గోడమీది మాట ఇల్లు లేని కుర్రవాడికి చేరుతుందా?

ప్రతి సంవత్సరం డిసెంబరు 1వ తేదీన ప్రపంచ ఎయిడ్స్ దినం జరుపుకుంటాం. 1988 నుంచి ఇది సాగుతోంది. మీ కళాశాలలో రెడ్ రిబ్బన్ క్లబ్ ఉంటే ఆ రోజు ఊరేగింపు, వ్యాసరచన, పోస్టర్ల పోటీ తప్పవు. మీలో కొందరు పోస్టరు గీసి బహుమతి కూడా పొంది ఉంటారు. ఎర్ర రిబ్బను, పుర్రె బొమ్మ, 'ఎయిడ్స్‌కు మందు లేదు, నివారణే మార్గం' అన్న నినాదం - ఈ మూడింటిలో ఒక్కటైనా లేని పోస్టరు అరుదు.

కథలను, సినిమాలను విమర్శించేవారు మనకు చాలామందే ఉన్నారు. పోస్టర్లను విమర్శించేవారు కనిపించరు. 'మంచి ఉద్దేశంతో వేశారు కదా, తప్పు పట్టడమెందుకు?' అని ఊరుకుంటాం. కాని ఆలోచించండి. కథ బాగాలేకపోతే పాఠకుడికి ఒక గంట కాలం నష్టం. ఆరోగ్య ప్రచారం బాగాలేకపోతే ఒక మనిషికి ప్రాణాపాయం. అందుచేత హెచ్.ఐ.వి. నివారణ కోసం మన దేశంలో, బయట చేసిన నాలుగు రకాల ప్రయత్నాలను ఈ వ్యాసంలో విమర్శకుడి కంటితో పరిశీలిద్దాం. ఇందుకు ఒకే ఒక గీటురాయి పెట్టుకుందాం. ఈ మాట అందరికంటే ఎక్కువ అవసరమైన వాడికి చేరిందా? చేరితే అతడు దానితో ఏమైనా చేయగలడా?

ఆ 'అవసరమైన వాడు' ఎవరు?

సూరత్ నగరానికి ఉత్తరాన, తాపీ నది అవతల, అమ్రోలి పక్కన కోసాడ్ అనే చోటు ఉంది. ముంబయి - అహ్మదాబాదు రైలు మార్గంలో అదొక చిన్న స్టేషను. జె.ఎన్.ఎన్.యు.ఆర్.ఎం. పథకం కింద సూరత్ నగరపాలక సంస్థ ఇక్కడ పేదల కోసం వేలాది ఇళ్ళు కట్టించింది. మురికివాడలు తొలగించినప్పుడు అక్కడి కుటుంబాలను తెచ్చి ఈ 'కోసాడ్ ఆవాస్'లో ఉంచారు. దగ్గరలోని అమ్రోలి, కతార్‌గామ్, వేద్ రోడ్డు ప్రాంతాల్లో పవర్‌లూమ్ కార్ఖానాలున్నాయి. వాటిలో పని చేసేవారిలో ఒడిశాలోని గంజాం జిల్లా నుంచి వచ్చినవారు చాలా ఎక్కువ. సూరత్‌లో తెలుగువారు ఎక్కువగా ఉండేది మరోవైపు, లింబాయత్ ప్రాంతంలో. మగ్గం పని నమ్ముకుని తెలంగాణ జిల్లాల నుంచి తరలి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు వారివి. సిరిసిల్లలో 'సాంచెలు' అని పిలిచే మరమగ్గాలే అక్కడా వారికి అన్నం పెడుతున్నాయి.

ఇప్పుడు ఒక కుర్రవాణ్ణి ఊహించుకోండి. వయసు 16. బడి మానేసి, తెలిసినవారి వెంట రైలెక్కి సూరత్ వచ్చాడు. పన్నెండు గంటల షిఫ్టులో పని. పడుకునేది 'మెస్' అనబడే గదిలో. ఆ గదిలో పగటి షిఫ్టువాడు లేచి పనికి వెళితే అదే చోట రాత్రి షిఫ్టువాడు పడుకుంటాడు. అంటే ఇతడికి ఉన్నది ఇల్లు కాదు, గది కాదు, సగం పడక. పని పోయిన రోజున ఆ సగం కూడా పోతుంది. ఇక మిగిలేది స్టేషను ప్లాట్‌ఫారం, వంతెన కింది నీడ, మూసిన దుకాణం అరుగు.

ఈ కుర్రవాడు లెక్కల్లో ఎక్కడ ఉంటాడు? 2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఇల్లు లేనివారు దాదాపు 17.7 లక్షలు. కాని ఆ లెక్కలో చేరాలంటే పైకప్పు ఉన్న కట్టడంలో ఉండకూడదు. రోడ్డు పక్కన, పేవ్‌మెంటు మీద, ఫ్లైఓవరు కింద, రైల్వే ప్లాట్‌ఫారం మీద ఉన్నవారినే లెక్కిస్తారు. సగం పడకవాడికి పైకప్పు ఉంది కనుక అతడు 'ఇల్లున్నవాడే'. కోసాడ్‌లో ఇల్లు పొందాలంటే అర్హుల జాబితాలో కుటుంబం పేరుండాలి. ఒంటరిగా వచ్చిన కుర్రవాడికి అదీ లేదు. రెండు జాబితాల మధ్య పడిపోయిన ఇలాంటివారే మన గీటురాయి.

ఇతడికి హెచ్.ఐ.వి. ముప్పు ఎలా వస్తుంది? ఇల్లు లేకపోవడం వల్ల వైరస్ రాదు. అది సోకే దారులు అందరికీ ఒకటే: రక్షణ లేని లైంగిక సంబంధం, ఒకరు వాడిన సూది మరొకరు వాడటం, వైరస్ ఉన్న రక్తం ఎక్కించడం, తల్లి నుంచి బిడ్డకు. ఇల్లు లేనప్పుడు ఈ దారులు మూసుకోవడం కష్టమవుతుంది. రాత్రి పడుకోవడానికి చోటిచ్చినవాడు, అన్నం పెట్టినవాడు దానికి బదులుగా శరీరాన్ని అడగవచ్చు, బలవంతం చేయవచ్చు. ఇది ఆడపిల్లలకే కాదు, మగపిల్లలకూ జరుగుతుంది. ఆకలి, చలి, భయం మరచిపోవడానికి పీల్చే సొల్యూషన్ వల్ల నేరుగా హెచ్.ఐ.వి. రాదు గాని, ఆ మత్తులో మంచిచెడ్డల విచక్షణ పోతుంది. సుఖవ్యాధి ఏదైనా ఉండి చికిత్స లేకపోతే హెచ్.ఐ.వి. సోకే అవకాశం మరింత పెరుగుతుంది.

రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో 2006లో జరిపిన ఒక అధ్యయనంలో 15-19 ఏళ్ళ వీధి యువత 313 మందిని పరీక్షించగా 37.4 శాతం మందికి హెచ్.ఐ.వి. ఉన్నట్టు తేలింది. సూదులతో మత్తుమందు ఎక్కించుకునేవారిలో అది మరీ ఎక్కువ. ఈ అంకెను మన దేశానికి అన్వయించకూడదు. అక్కడి పరిస్థితులు వేరు. 2021 అంచనాల ప్రకారం మన దేశంలో 15-49 ఏళ్ళవారిలో హెచ్.ఐ.వి. ఉన్నవారు 0.21 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, తెలంగాణలో 0.47 శాతం. సెయింట్ పీటర్స్‌బర్గ్ మనకు నేర్పే పాఠం ఒకటే. సగటు అంకె చిన్నదిగా ఉన్నంత మాత్రాన అన్ని గుంపులూ క్షేమంగా ఉన్నాయనుకోరాదు.

మొదటి ప్రయత్నం: పుర్రె బొమ్మ

మన దేశంలో హెచ్.ఐ.వి.ని తొలిసారిగా 1986లో చెన్నైలో గుర్తించారు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 1992లో ఏర్పడింది. ఆనాడు ఈ వ్యాధికి సరైన చికిత్స లేదు. ప్రచారకులు భయాన్నే ఆయుధంగా తీసుకున్నారు. అప్పటికి అది అర్థం చేసుకోదగినదే. ఈనాడు ఆ నినాదం సగం అబద్ధం. వైరస్‌ను శరీరం నుంచి పూర్తిగా తొలగించే మందు ఇంకా సాధారణ వాడకంలోకి రాలేదన్నది నిజమే. కాని దానిని అణచి ఉంచే ఎ.ఆర్.టి. మందులు మన దేశంలో 2004 ఏప్రిల్ 1 నుంచి ఉచితంగా ఇస్తున్నారు. 2017 నుంచి వ్యాధి ఏ దశలో ఉన్నా, పరీక్షలో తేలిన వెంటనే చికిత్స మొదలుపెడుతున్నారు. మందులు క్రమం తప్పకుండా వాడి, రక్తంలో వైరస్ పరీక్షకు కూడా అందనంతగా తగ్గిపోయినవారి నుంచి లైంగిక సంబంధం ద్వారా ఇతరులకు అది సోకదని పెద్ద అధ్యయనాలు రుజువు చేశాయి. ఈ సంగతి ఎన్ని పోస్టర్ల మీద చూశారు?

భయం ఏం చేస్తుందో సూరత్‌కు బాగా తెలుసు. 1994 సెప్టెంబరులో అక్కడ ప్లేగు పుట్టిందన్న వార్తతో లక్షలాదిమంది కొద్దిరోజుల్లో నగరం విడిచిపోయారు. టెట్రాసైక్లిన్ వంటి మామూలు మందుకు లొంగే జబ్బది. అయినా వైద్యులు కూడా కొందరు దవాఖానాలు మూసి వెళ్ళిపోయారు. ఆ తర్వాత 1995లో నగరపాలక కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు ఎవరినీ భయపెట్టలేదు. చెత్త ఎత్తించారు, మురుగు కాలువలు బాగుచేయించారు, అధికారులను రోజూ వీధుల్లోకి పంపారు. కొద్ది సంవత్సరాల్లోనే సూరత్ దేశంలోని శుభ్రమైన నగరాల్లో ఒకటిగా పేరు తెచ్చుకుంది. భయపడ్డవాడు రోగానికి దూరంగా పోడు, వైద్యుడికి దూరంగా పోతాడు. పుర్రె బొమ్మ చూసిన మన కుర్రవాడు పరీక్షా కేంద్రం మెట్లెక్కడు. 'ఎలాగూ చస్తాను, తెలుసుకుని ఏం లాభం?' అనుకుంటాడు.

రెండవ ప్రయత్నం: పులిరాజా

మీ తల్లిదండ్రులను అడిగి చూడండి. 2000 దశకం తొలి సంవత్సరాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంతటా పెద్ద పెద్ద హోర్డింగుల మీద ఒక ప్రశ్న కనిపించేది: 'పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?' ఎవరీ పులిరాజా అని జనం తెగ మాట్లాడుకున్నారు. బస్సుల్లో, టీ బడ్డీల్లో, కాలేజీ క్యాంటీన్లలో అదే చర్చ. ఎయిడ్స్ అన్న మాట ఇంట్లో పలకడానికి సిగ్గుపడే రోజుల్లో ఆ మాటను నలుగురి నోటా పలికించింది. ఇది చిన్న విజయం కాదు. పుర్రె చేయలేని పని ఒక ప్రశ్న చేసింది. ప్రచార కళగా చూస్తే తెలుగులో వచ్చిన ఆరోగ్య ప్రకటనల్లో దీనికి పై వరుసలోనే చోటివ్వాలి.

మరి లోపమేమిటి? పులిరాజా ఒక మూడవ మనిషి. అతడి గురించి నవ్వుకోవచ్చు, పందెం వేసుకోవచ్చు. 'నాకు వస్తుందా?' అని అడగవలసిన పని లేదు. పులిరాజా కోరి తిరిగే మగవాడు. తన నడవడి తాను ఎంచుకున్నవాడు. మన సగం పడక కుర్రవాడు ఏదీ ఎంచుకోలేదు. బలవంతానికి గురైన పిల్లవాడికి పులిరాజాలో తన పోలిక ఎక్కడ దొరుకుతుంది? పైగా ఆ పేరు వెక్కిరింతగా మారింది. వెక్కిరింత అంటుకుంటుందని భయపడేవాడు సందేహం నోట అనడు. అంతేకాదు, ఆ హోర్డింగు తెలుగు చదవడం వచ్చినవాడికే పనికొచ్చింది. సూరత్‌లో మన నేతపనివాడి కొడుకు చూసే గోడలమీద గుజరాతీ ఉంటుంది, గంజాం కుర్రవాడికీ అంతే.

మూడవ ప్రయత్నం: బడిలో పాఠం

2005లో కౌమార విద్యా కార్యక్రమం పేరిట బడుల్లో హెచ్.ఐ.వి. గురించి చెప్పే ఏర్పాటు దేశవ్యాప్తంగా జరిగింది. 2007లో అనేక రాష్ట్రాల్లో దీనిమీద గొడవ లేచింది. ఇలాంటి విషయాలు పిల్లలకు చెబితే చెడిపోతారన్నారు. వాదప్రతివాదాలు చాలా జరిగాయి. కాని రెండు పక్షాలవారూ మరచిన సంగతి ఒకటుంది. పాఠం పెట్టినా తీసేసినా, బడి మానేసినవాడికి రెండూ ఒకటే. అందరికంటే ముప్పున్నవాడు ఆ గదిలో లేడు.

ఇక పాఠంలో ఏం చెబుతున్నామో చూడండి. నిగ్రహం పాటించు, ఒక్కరికే కట్టుబడు, లేదా నిరోధ్ వాడు. మూడు సలహాలూ శాస్త్రీయంగా సరైనవే. తప్పు పట్టడానికి ఏమీ లేదు. కాని మూడింటిలోనూ ఒక ఊహ దాగి ఉంది: వినేవాడికి 'వద్దు' అనే శక్తి ఉందని. తలుపు ఉన్నవాడు తలుపు వేసుకోగలడు. తలుపే లేనివాడికి 'తలుపు వేసుకో' అనే సలహా ఎంత ఉపయోగపడుతుంది?

కోల్‌కతాలోని సోనాగాచిలో డాక్టర్ స్మరజిత్ జానా 1992లో మొదలుపెట్టిన పని ఇక్కడ గుర్తుచేసుకోవాలి. అక్కడి సెక్స్ వర్కర్లకు నిరోధ్ వాడమని చెబితే సరిపోలేదు. కొనేవాడు కాదంటే ఆ పూట కూడు ఉండదు. అందుకని వారినే ప్రచారకులుగా నియమించారు. 1995లో వారికి సొంత సహకార పొదుపు సంఘం ఏర్పడింది. చేతిలో నాలుగు డబ్బులు, పక్కన నలుగురు తోడు ఉన్నప్పుడే 'వద్దు' అన్న మాట నోట వచ్చింది. నివారణకు మందులు, నిరోధ్‌లతో పాటు పొదుపు పుస్తకం కూడా పనిముట్టే అని సోనాగాచి నిరూపించింది.

నాలుగవ ప్రయత్నం: స్నేహాల లెక్క

ఇల్లు లేని యువత కోసమే ప్రత్యేకంగా రూపొందించిన ఒక ప్రయోగం అమెరికాలోని లాస్ ఏంజెలిస్‌లో జరిగింది. భారతీయుడైన కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు మిలింద్ తాంబే, సామాజిక సేవా శాస్త్రంలో ఆచార్యుడైన ఎరిక్ రైస్, వారి సహచరులు దీనిని నడిపారు. ఫలితాలు 2021లో వెలువడ్డాయి. 713 మంది యువతీయువకులు ఇందులో పాల్గొన్నారు.

వారి ఆలోచన ఇది. ఇల్లు లేని పిల్లలు పెద్దల మాట నమ్మరు, తోటివాడి మాట నమ్ముతారు. కొద్దిమందికి శిక్షణ ఇస్తే వారు మిగిలినవారికి చెబుతారు. అయితే ఆ కొద్దిమందిని ఎలా ఎంచాలి? ఎక్కువమంది స్నేహితులున్న వారిని ఎంచాలని మనకు వెంటనే తోస్తుంది. ఇక్కడే చిక్కుంది. మీ తరగతిలో అందరికీ తెలిసిన ఐదుగురిని తలచుకోండి. వారు చాలావరకు ఒకరికొకరు స్నేహితులే అయి ఉంటారు. ఐదుగురికీ చెప్పిన మాట ఒకే గుంపులో ఐదుసార్లు తిరుగుతుంది. వెనుక బెంచీలో ఒంటరిగా కూర్చున్నవాడికి చేరదు. దానికి బదులు వేర్వేరు గుంపుల నుంచి ఒక్కొక్కరిని ఎంచితే మాట దూరం పోతుంది. ఏ కొద్దిమందిని ఎంచితే వార్త అందరికంటే ఎక్కువమందికి చేరుతుందన్నది గణితంలో పేరుపొందిన సమస్య. 2003లో కెంప్, క్లైన్‌బెర్గ్, టార్డోస్ అనే ముగ్గురు దీనికి మంచి పద్ధతి చూపారు. తాంబే బృందం దానిని వీధికి తగ్గట్టు మార్చింది. అందరి స్నేహాలూ అడగడం సాధ్యం కాదు కనుక కొందరినే అడిగి, ఎవరు రాకపోయినా పని ఆగకుండా ఉండేలా లెక్క కట్టింది.

ప్రయోగంలో మూడు జట్లున్నాయి. ఒక జట్టులో కంప్యూటరు ఎంచిన నాయకులు, రెండవ జట్టులో ఎక్కువ స్నేహితులున్న నాయకులు, మూడవదానిలో ఎవరూ లేరు. ముప్పు కలిగించే ఒక ముఖ్యమైన ప్రవర్తన మొదటి జట్టులోనే గణనీయంగా తగ్గింది.

ఇది గొప్ప పని. కాని మన గీటురాయి మీద దీన్నీ గీసి చూడాలి. మొదటిది, తగ్గిందన్నది యువత తమ నోటితో చెప్పిన దాన్నిబట్టి తేల్చినది, కొత్తగా సోకిన కేసులను లెక్కించి కాదు. రెండవది, ఆ యువతకు పగటిపూట వచ్చి కూర్చోవడానికి, స్నానం చేయడానికి, తినడానికి కేంద్రాలున్నాయి. ప్రయోగం జరిగింది ఆ కేంద్రాల్లోనే. తలుపున్న చోటే లెక్క పనిచేసింది. మూడవది, ఎవరు ఎవరికి స్నేహితులన్న పటం తప్పుడు చేతుల్లో పడితే అదే పిల్లలకు ఆపద తెస్తుంది. పోలీసులకు భయపడి చోటు మారే పిల్లలున్న ఊళ్ళో ఈ జాగ్రత్త మరీ అవసరం. అంతేకాక గంజాం కుర్రవాడు పంటల కాలంలో ఊరికి పోతాడు, పండగకు పోతాడు, తిరిగి మరో మెస్‌లో చేరతాడు. అతడి స్నేహాల పటం రెండు రాష్ట్రాల మీద పరచుకుని ఉంటుంది.

తలుపు ఎక్కడ?

నాలుగు ప్రయత్నాలను కలిపి చూస్తే ఒక సంగతి తేటపడుతుంది. అన్నీ 'ఏం చెప్పాలి, ఎవరి చేత చెప్పించాలి' అన్నదాని చుట్టూ తిరిగాయి. విన్న తర్వాత కుర్రవాడు ఎక్కడికి వెళ్ళాలి?

పరీక్షకు వెళ్ళాడనుకుందాం. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్ష ఉచితం, ఫలితం రహస్యం. 2018 సెప్టెంబరు 10 నుంచి అమలులో ఉన్న హెచ్.ఐ.వి., ఎయిడ్స్ చట్టం ఈ హక్కులకు రక్షణ ఇచ్చింది. కాని 18 ఏళ్ళు నిండనివారికి పరీక్ష చేయాలంటే తల్లిదండ్రులో సంరక్షకులో సమ్మతి తెలపాలి. ఇంటి నుంచి వచ్చేసినవాడి తరఫున ఎవరు సంతకం చేస్తారు? పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పి తీరాలని 2012 పోక్సో చట్టం అంటుంది. పిల్లల రక్షణకు అది అవసరమే. అయితే 'చెబితే పోలీసుల దగ్గరికి పోతుంది' అని తెలిసిన పిల్లవాడు సలహాదారు ముందు నోరు విప్పుతాడా? పిల్లవాడి పక్కన నిలబడే మనిషి ఒకరుంటేనే ఈ రెండు ముళ్ళూ వీడతాయి. పోస్టరు ఆ మనిషి కాలేదు.

చికిత్స మొదలైందనుకుందాం. మందు ప్రతిరోజూ వేసుకోవాలి. దాచుకోవడానికి ఒక పెట్టె కావాలి. సగం పడకవాడికి పెట్టె ఎక్కడిది? పక్కవాడు సీసా చూసి 'ఇదేమిటి?' అని అడిగితే పడక పోతుంది. 2010లో సుప్రీంకోర్టు పెద్ద నగరాల్లో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఇల్లు లేనివారికి ఆశ్రయాలు ఉండాలని ఆదేశించింది. దానిని మనం గృహ వసతి సంగతిగానే చదువుతాం. నా దృష్టిలో అది హెచ్.ఐ.వి. నివారణ ఆదేశం కూడా. తాళం వేసుకోగల ఒక అర, రాత్రి భయం లేకుండా పడుకునే చోటు, సంతకం చేయగల ఒక పెద్ద మనిషి - ఈ మూడూ ఉన్న ఆశ్రయం వంద హోర్డింగులకు సమానం.

మీ పోస్టరు మాటేమిటి?

వచ్చే డిసెంబరు 1న మీరు మళ్ళీ రంగులు పట్టుకుంటారు. పోస్టర్లు వద్దని నేను అనడం లేదు. గీసేముందు దానిని కోసాడ్ స్టేషనులో కూర్చున్న ఆ 16 ఏళ్ళ కుర్రవాడి కళ్ళతో ఒకసారి చూడండి. చదువు రాకపోయినా అర్థమవుతుందా? భయపెట్టి తరుముతోందా, దగ్గరికి పిలుస్తోందా? తప్పు చేసినవాడికే ఈ జబ్బని సూచిస్తోందా? మందులున్నాయని, అవి ఉచితమని చెబుతోందా? చివరికి, ఎక్కడికి వెళ్ళాలో చూపుతోందా?

చూపడానికి చాలా ఉన్నాయి. 1097 అన్నది హెచ్.ఐ.వి. గురించి ఉచితంగా సలహా చెప్పే జాతీయ టెలిఫోను నంబరు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 ఉంది. బలాత్కారం జరిగినా, వాడిన సూది గుచ్చుకున్నా వీలైనంత త్వరగా, 72 గంటలలోపు ఆసుపత్రికి వెళితే వైరస్ పాతుకుపోకుండా 28 రోజుల మందులిస్తారు. ఈ మూడవ సంగతి తెలిసిన విద్యార్థులు మీ తరగతిలో ఎందరు? చేతులెత్తమని అడిగి చూడండి. మీకే తెలియనిది వీధిలో ఉన్నవాడికి ఎలా తెలుస్తుంది?

మీ ఊరి బస్టాండులోనూ, రైల్వే స్టేషనులోనూ అలాంటి కుర్రవాళ్ళున్నారు. నీళ్ళ సీసాలు ఏరుతూ, టీ గ్లాసులు కడుగుతూ రోజూ కనిపిస్తూనే ఉంటారు. మీ పోస్టరుకు బహుమతి ఇచ్చే న్యాయనిర్ణేతలు కళాశాల వేదిక మీద ఉండవచ్చు. దాని బాగోగులు తేల్చగల అసలు విమర్శకుడు మాత్రం ఆ బస్టాండులో ఉన్నాడు. ఈసారి గీసినదాన్ని ముందు అతడికి చూపండి. 'ఇందులో నీకేమర్థమైంది?' అని అడగండి. అతడు చెప్పినది విని, పోస్టరు మార్చండి.